పాము కరిచిన రాత్రి, పీహెచ్‌సీలో

తొలకరి పడగానే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం(పీహెచ్‌సీ)లో ఫార్మసిస్టు తప్పకుండా చేయాల్సిన పని ఒకటుంది. అలమరా తెరిచి పాముకాటు మందు సీసాలు లెక్కపెట్టుకోవాలి. పది సీసాలుంటే ఒక్క మనిషికి సరిపోతాయి, అదీ మొదటి విడతకే. నాట్ల రోజుల్లో ఒకే రాత్రి ఇద్దరొస్తే రెండో మనిషి సంగతేమిటన్నది ఆ లెక్కలోనే తేలిపోతుంది.

కృష్ణా డెల్టాలో కాలువలకు నీళ్లు వదిలి దమ్ములు మొదలుపెట్టారంటే బొరియల్లో ఉండాల్సిన పాములు గట్లెక్కుతాయి. గడ్డివాము కింద, పిడకల గూట్లో, ధాన్యం బస్తాల వెనక ఎలుకలుంటాయి. ఎలుకల కోసం పాము వస్తుంది. దివిసీమలో ఈ సంగతి పసిపిల్లలకు కూడా తెలుసు. 2018 వానాకాలంలో అవనిగడ్డ చుట్టుపక్కల పాముకాట్లు వరసగా నమోదై ఊళ్లు హడలిపోయినప్పుడు, ఒకపక్క ఆసుపత్రుల్లో వైద్యం నడుస్తుండగానే మరోపక్క మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి సన్నిధిలో సర్పశాంతి పూజలు చేయించారు. నాగుల చవితికి పుట్టలో పాలు పోసే సీమలో అది వింతేమీ కాదు. పూజ పూజే, సూది సూదే. వాటి మధ్య పేచీ లేదు. అసలు పేచీ మంత్రగాడి దగ్గర మొదలవుతుంది, ఎందుకంటే అక్కడ ఖర్చయ్యేది కొబ్బరికాయ కాదు, గంటలు.

పాముకాటు చావుల్లో ప్రపంచం మొత్తం మీద మన దేశమే ముందుంది. టొరంటోలో పనిచేసే ప్రభాత్ ఝా, ఆయన సహచరులు ఇంటింటి మరణాల సర్వేల ఆధారంగా 2020లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం 2000 నుంచి 2019 దాకా దేశంలో సుమారు 12 లక్షల మంది పాముకాటుతో చనిపోయారు. ఏడాదికి సగటున 58,000 మంది. ఈ చావుల్లో దాదాపు 70 శాతం ఎనిమిది రాష్ట్రాల పల్లపు ప్రాంతాల పల్లెల్లోనే జరిగాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆ ఎనిమిదింటిలో ఒకటి. సగం చావులు జూన్, సెప్టెంబరు నెలల మధ్యవే. అంతకుముందు 2011లో వచ్చిన మరో అధ్యయనం ఇంకో చేదు సంగతి బయటపెట్టింది. పాముకాటుతో పోయినవాళ్లలో నాలుగోవంతు మంది కూడా ఆసుపత్రిలో పోలేదు. మిగతావాళ్లంతా ఇంట్లోనో, దారిలోనో, మరెక్కడో పోయారు. వాళ్ల పేర్లు ఏ ఆసుపత్రి రిజిస్టరులోనూ ఎక్కవు. కేంద్ర ఆరోగ్యశాఖ 2024 నవంబరులో పాముకాటును తప్పనిసరిగా నమోదు చేయాల్సిన కేసుల్లో చేర్చమని రాష్ట్రాలకు రాసింది అందుకే.

మందు లేని జబ్బయితే ఏడ్చి ఊరుకోవచ్చు. దీనికి మందుంది. ప్రభుత్వాసుపత్రిలో పైసా తీసుకోకుండా ఇస్తారు. నాలుగు ముఖ్యమైన విషసర్పాలకూ ఆ ఒక్క మందే పనిచేస్తుంది. అయినా ఇంతమంది పోతున్నారంటే మనిషికీ మందుకీ మధ్య ఉన్న దారిలో ఏదో చిక్కుపడుతోంది. ఆ చిక్కు విప్పేది పెద్ద డాక్టర్లు కారు. ఊళ్లో ఆశా కార్యకర్త, అంబులెన్సులో టెక్నీషియను, పీహెచ్‌సీలో రాత్రి డ్యూటీ స్టాఫ్ నర్సు. ఈ ముగ్గురి చేతుల్లో జరిగేదంతా జరిగిపోయాకే ఐసీయూ సంగతి.

ముందు మంత్రగాడికి ఇంత పేరు ఎక్కడిదో చూడాలి. మన దేశంలో 300కు పైగా పాము జాతులుంటే, విషమున్నవి 60 పైచిలుకు మాత్రమే. పొలంలో ఎక్కువగా తగిలే జెర్రిపోతుకీ, నీరుకట్టెకీ విషం లేదు. విషసర్పం కూడా కరిచిన ప్రతిసారీ విషం వదలదు. కాబట్టి మంత్రగాడి దగ్గరకు వెళ్లినవాళ్లలో ఎక్కువమంది ఏం చేసినా, ఏం చేయకపోయినా బతికేవాళ్లే. బతికినవాడు ఊరంతా చెబుతాడు. పోయినవాడికి చెప్పే అవకాశం లేదు. మంత్రగాడి కీర్తి రహస్యం ఇంతే.

వేపాకు పరీక్ష సంగతీ అలాంటిదే. కరిచిన మనిషి చేత వేపాకో మిరపకాయో నమిలిస్తారు. చేదు, కారం తెలిస్తే విషం ఎక్కలేదని తీర్మానించి పడుకోబెడతారు. కట్లపాము కరిచిన మనిషికి మొదటి గంటల్లో వేపాకు శుభ్రంగా చేదుగానే ఉంటుంది. ఆ తర్వాత రెప్పలు వాలతాయి.

ఇక్కడే ఆశా కార్యకర్త అవసరం పడుతుంది. జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో 2005లో వచ్చిన ఈ బాధ్యతకు సుమారు వెయ్యి జనాభాకు ఒకరు చొప్పున ఆ ఊరి ఆడపడుచునే ఎంచుకుంటారు. ఆమెకు మంత్రగాడూ తెలుసు, ఆయన పెళ్లాం పిల్లలూ తెలుసు. ఆయన్ని పట్టుకుని మూఢనమ్మకమని ఉపన్యాసమిస్తే మర్నాటి నుంచి ఆ వీధిలో ఆమె మాట చెల్లదు. అనుభవమున్న ఆశా చెప్పే తీరు వేరు. "మంత్రం వేసుకో బాబాయ్, నేనొద్దంటానా? బండెక్కాక వెయ్యి." ఈ ఒక్క మాటలో నమ్మకానికి నమ్మకం, కాలానికి కాలం మిగులుతాయి. ఆరోగ్యశాఖ పోస్టర్లు రాసేవాళ్లు ఈమె దగ్గర నాలుగు రోజులు కూర్చుంటే బాగుపడతారు.

కరిచిన చోటే మొదటి పది నిమిషాల్లో చేయాల్సినవి చాలా తక్కువ, చేయకూడనివే ఎక్కువ. మనిషిని కూర్చోబెట్టి ధైర్యం చెప్పాలి. పరుగెత్తనివ్వకూడదు, నడిపించకూడదు. కదిలిన కొద్దీ కండరాలు విషాన్ని ఒంట్లోకి తోస్తాయి. ఉంగరాలు, గాజులు, మెట్టెలు, పట్టీలు, మొలతాడు వెంటనే తీసేయాలి. వాపు వచ్చాక అవి ఊడి రావు. కాలో చెయ్యో ఎముక విరిగినప్పుడు కట్టినట్టు కర్రముక్క ఆనించి, వదులుగా గుడ్డ చుట్టి, కదలకుండా ఉంచాలి. అంబులెన్సు కోసం 108కి ఫోన్ చేయాలి. అది రావడానికి ఆలస్యమయ్యేటట్టుంటే ఏ బండి దొరికితే ఆ బండి.

తాడుతో బిగించి కట్టడం మన ఊళ్లలో ఎంత పాతుకుపోయిందంటే, కట్టు లేకుండా వచ్చిన మనిషిని చూసి చుట్టాలే కంగారు పడతారు. ఆ కట్టు విషాన్ని ఆపదు, రక్తాన్ని ఆపుతుంది. రక్తపింజర కరిచిన కాలికి బిగించి కడితే కండ కుళ్లుతుంది, ఒక్కోసారి కాలే తీసేయాల్సి వస్తుంది. కట్టు కట్టుకుని వచ్చిన మనిషితో ఇంకో చిక్కుంది. ఆసుపత్రికి రాగానే దాన్ని టక్కున విప్పేస్తే అక్కడ నిలిచిన విషమంతా ఒక్కసారిగా పైకెక్కొచ్చు. అందుకే నర్సు ముందు చేతికి సూది పెట్టి, సెలైన్ ఎక్కించే దారి సిద్ధం చేసుకుని, డాక్టర్ పక్కనుండగా మెల్లగా వదులు చేస్తుంది. చుట్టాలకు ఇది నిర్లక్ష్యంలా కనిపిస్తుంది. "ఇంకా తాడు విప్పరేంటి సిస్టర్?" అని గొడవ పడతారు కూడా.

బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, పసరు పొయ్యడం, పాము రాయి అంటించడం, ఐసు పెట్టడం వంటివాటి వల్ల పుండ్లే మిగులుతాయి. ఊరి ఆర్‌ఎంపీ మంచి మనసుతోనే పిరుదుకు వేసే నొప్పి సూది ఇంకా ప్రమాదం. రక్తం గడ్డకట్టని మనిషికి కండలో సూది గుచ్చితే అక్కడ లోపల్లోపలే రక్తం చేరుతుంది. నొప్పికి పారాసిటమాల్ చాలు. డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ లాంటివి దగ్గరికి రానివ్వకూడదు.

మరి పామును చంపి తీసుకురావాలా? అక్కర్లేదు. అయినా తెస్తారు. ప్లాస్టిక్ కవరులో, బకెట్లో, కొన్నిసార్లు సగం ప్రాణంతోనే. తెగిన పాము తల కూడా కాసేపటిదాకా కరవగలదు. దాన్ని వెతికి చంపబోయి రెండో మనిషి కాటు తిన్న సందర్భాలున్నాయి. దూరం నుంచి సెల్‌ఫోన్లో ఫొటో దొరికితే సరే, లేకపోతే వదిలేయాలి. వైద్యం పామును చూసి చేయరు, మనిషిలో కనిపించే లక్షణాలను చూసి చేస్తారు.

ఆ లక్షణాలు రెండు దారులు. నాగుపాము, కట్లపాము విషం నరాల మీద పనిచేస్తుంది. రక్తపింజర, పొడి నేలల్లో తిరిగే చిన్న పింజర విషం రక్తం మీద పనిచేస్తుంది. నాగుపాము కాటు తెలియకుండా పోదు. నొప్పి, వాపు ఉంటాయి, అరగంట నుంచి కొన్ని గంటల్లోపే కళ్లు మూతపడతాయి. మోసం చేసేది కట్లపాము. నేల మీద చాప వేసుకుని పడుకున్నవాళ్లను నడిరాత్రి కరుస్తుంది. నొప్పి ఉండదు, వాపు ఉండదు, గాటు కూడా సరిగ్గా కనపడదు. చీమ కుట్టిందనుకుని పక్కకు తిరిగి పడుకుంటారు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ లేస్తారు. గ్యాసని సోడా తాగిస్తారు, జీలకర్ర నమిలిస్తారు. మాట ముద్దగా వస్తుంటే నిద్రమత్తు అనుకుంటారు. వానాకాలంలో నేల మీద పడుకున్న మనిషి తెల్లారేసరికి కడుపునొప్పి, రెప్పల బరువు అంటే, పామును ఎవరూ చూడకపోయినా కట్లపామేనేమోనని అనుమానించాలని పీహెచ్‌సీ డాక్టర్లకు శిక్షణలో చెబుతారు. ఇది ఇంట్లోవాళ్లకు కూడా తెలిసి ఉండాల్సిన సంగతి.

నరాల విషాన్ని పట్టుకోవడానికి యంత్రాలేమీ అక్కర్లేదు. స్టాఫ్ నర్సు మంచం పక్కన నిలబడి చిన్న చిన్న పనులు చేయిస్తుంది. పైకి చూడమంటుంది. నాలుక బయట పెట్టమంటుంది. తలగడ మీద నుంచి తల ఎత్తమంటుంది. "ఒక్క ఊపిరిలో ఎంతదాకా లెక్కపెట్టగలవో పెట్టు పెద్దాయనా" అంటుంది. మొదట ముప్పై దాకా లెక్కపెట్టిన మనిషి అరగంట తర్వాత పదిహేను దగ్గర ఆగిపోయాడంటే ఊపిరి కండరాలు జారిపోతున్నాయని అర్థం. కేసు షీట్లో ఆ అంకెలు టైముతో సహా ఒకదాని కింద ఒకటి రాస్తుంది. వెంటిలేటరున్న ఆసుపత్రికి ఎప్పుడు కదిలించాలో ఆ వరసే చెబుతుంది.

రక్తం మీద పనిచేసే విషానికి పరీక్ష ఇంకా సులువు, కానీ ఓపిక కావాలి. కొత్తదైన, శుభ్రమైన, తడి లేని గాజు గొట్టంలో 2 మిల్లీలీటర్ల రక్తం తీసి కదలని చోట నిలబెడతారు. ఇరవై నిమిషాలు ఎవరూ ముట్టుకోకూడదు. తర్వాత ఒక్కసారి వంచి చూస్తారు. రక్తం పెరుగులా తోడుకుని గొట్టాన్ని అంటిపెట్టుకుని ఉంటే ఊపిరి పీల్చుకోవచ్చు. నీళ్లలా జారిపోతే విషం పనిచేస్తోందని తేలినట్టే. గాజే ఎందుకంటే, గాజు తగిలితేనే రక్తం గడ్డకట్టే ప్రక్రియ మొదలవుతుంది. ప్లాస్టిక్ గొట్టంలో మంచి రక్తం కూడా గడ్డకట్టకపోవచ్చు. సబ్బుతో కడిగిన పాత గొట్టమూ పనికిరాదు, ఆ సబ్బు మరకే ఫలితాన్ని తారుమారు చేస్తుంది. అర్ధరాత్రి ల్యాబ్ టెక్నీషియన్ లేని పీహెచ్‌సీలో కూడా చేయగలిగిన పరీక్ష ఇది. ఖర్చు ఒక గాజు గొట్టం. కానీ బయట పాతికమంది బంధువులు తలుపు బాదుతుండగా, "ఏం చేయకుండా చూస్తూ కూర్చున్నారు" అని కేకలేస్తుండగా, ఆ ఇరవై నిమిషాలూ గొట్టాన్ని కదపకుండా కాపాడటం మాటలు కాదు.

ఏ లక్షణమూ లేకపోతే మందు ఇవ్వరు. దీని మీద కూడా తగాదాలవుతాయి. పాము కరిచింది, మందు ఉంది, ఇవ్వడానికేం అంటారు జనం. ఈ మందు గుర్రం రక్తం నుంచి తయారవుతుంది. కొందరి ఒంటికి అది పడదు. ఒంటి నిండా దద్దుర్లు, వణుకు, ఆయాసం, బీపీ పడిపోవడం దాకా వెళ్లొచ్చు. కాబట్టి అవసరం తేలినప్పుడే మొదలుపెడతారు, అప్పటిదాకా 24 గంటలు కళ్లల్లో పెట్టుకుని చూస్తారు. మొదలుపెట్టాక మాత్రం తటపటాయింపు ఉండకూడదు. పెద్దవాళ్లకు ఎన్ని సీసాలో చిన్నపిల్లలకూ అన్నే, ఎందుకంటే పాము మనిషి సైజు చూసి విషం తగ్గించదు. గర్భిణులకు కూడా ఇస్తారు.

సీసాలో ఉండేది ఎండిన పొడి. ఒక్కోదానిలో 10 మిల్లీలీటర్ల స్టెరైల్ వాటర్ పోసి కరిగించాలి. గబగబా ఊపితే నురగ కట్టి మందు పాడవుతుంది. అరచేతుల మధ్య పెట్టి మెల్లగా తిప్పుతూ ఉండాలి. అలా పది సీసాలు. అన్నీ కరిగాక సెలైన్లో కలిపి సుమారు గంటసేపు ఎక్కిస్తారు. పక్కనే ట్రేలో అడ్రినలిన్ సిరంజి లోడ్ చేసి ఉంచుకోవాలి. దురద మొదలైందని రోగి గోక్కోగానే ఆ సూది తొడకు పడాలి. మందు పడకపోతే తాత్కాలికంగా ఆపి, అడ్రినలిన్ ఇచ్చి, కుదుటపడ్డాక మళ్లీ మెల్లగా మొదలుపెడతారు.

ఆరు గంటల తర్వాత మళ్లీ గాజు గొట్టం. విషం విరిగినా, పోయిన గడ్డకట్టే పదార్థాలను కాలేయం తిరిగి తయారుచేసుకోవడానికి అంత టైము కావాలి. అందుకే మధ్యలో గంటగంటకీ పరీక్ష చేయమని ఒత్తిడి చేయడంలో అర్థం లేదు. అప్పటికీ రక్తం గడ్డకట్టకపోతే రెండో విడత.

కట్లపాము కేసుల్లో మందు ఒక్కటే సరిపోదు. నరాల చివర్లు ఒకసారి దెబ్బతిన్నాక మందు వాటిని వెనక్కి తేలేదు. కొత్త చివర్లు మొలిచేదాకా ఊపిరి మనం ఆడించాలి. చేత్తో ఊపిరి అందించే అంబు బ్యాగు నొక్కుతూనో, వెంటిలేటరు మీదో, రోజుల తరబడి. ఆ దశలో మనిషి కనుపాపలు కూడా వెలుతురుకు కదలకపోవచ్చు. చెయ్యి ఎత్తితే కట్టెలా పడిపోతుంది. చనిపోయాడని శోకాలు మొదలుపెట్టేంతగా ఉంటుంది. కానీ లోపల మెదడు పనిచేస్తూనే ఉంటుంది, చుట్టూ మాట్లాడేది వినిపిస్తూ ఉండొచ్చు. ఊపిరి అందించినన్నాళ్లూ అందిస్తే ఇలాంటివాళ్లు లేచి నడిచి ఇంటికి వెళ్తారు. ఈ సంగతి తెలిసిన నర్సు మంచం దగ్గర ఏడవనివ్వదు. "వింటున్నాడమ్మా, మంచి మాట చెప్పు" అంటుంది.

ఈ మందుకు నూటపాతికేళ్ల పైబడిన చరిత్ర ఉంది. ఫ్రెంచి వైద్యుడు ఆల్బర్ట్ కాల్మెట్ 1890ల్లో సైగాన్‌లో పనిచేస్తుండగా వరదలకు ఊళ్లలోకి వచ్చిపడిన నాగుపాములు మనుషుల్ని కరిచాయి. ఆ అనుభవంతోనే ఆయన పాముకాటుకు మొదటి మందు తయారుచేశాడు. ఇప్పటికీ పద్ధతి దాదాపు అదే. పాము విషాన్ని కొద్దికొద్దిగా గుర్రానికి ఎక్కించి, దాని రక్తంలో పుట్టిన విరుగుడును వేరుచేస్తారు. తెలంగాణలో కూడా ఈ మందు తయారుచేసే సంస్థ ఉంది. విషం మాత్రం చాలావరకు చెన్నై దగ్గర వడనెమ్మేలిలో ఇరులర్ గిరిజనులు 1978లో మొదలుపెట్టిన సహకార సంఘం నుంచి వస్తుంది. ఒకప్పుడు చర్మాల కోసం పాములు పట్టి బతికినవాళ్లు ఇప్పుడు పామును చంపకుండా విషం పిండి వదిలేస్తారు. వాళ్లలో వడివేల్ గోపాల్, మాసి సడయ్యన్‌లకు 2023లో పద్మశ్రీ వచ్చింది. ఒకే ప్రాంతపు పాముల విషంతో తయారైన మందు దేశమంతటా ఒకేలా పనిచేయదన్న ఫిర్యాదు శాస్త్రవేత్తల్లో ఉంది, అందులో నిజముంది. దక్షిణాదిన ఉండటం ఈ విషయంలో మనకు కొంత కలిసొచ్చింది.

ఇక రిఫర్ చీటీ. ప్రభుత్వాసుపత్రుల మీద జనానికున్న కోపంలో సగం ఈ చీటీ మీదే. పీహెచ్‌సీ నుంచి ఏరియా ఆసుపత్రికి, అక్కడి నుంచి జిల్లా ఆసుపత్రికి, అక్కడి నుంచి ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి(జీజీహెచ్)కి. కిడ్నీలు దెబ్బతిని డయాలసిస్ కావాలన్నా, వెంటిలేటర్ కావాలన్నా పెద్దాసుపత్రికి పంపక తప్పదు. అందులో తప్పు లేదు. మొదటి పది సీసాలూ ఎక్కించకుండా పంపడం మాత్రం ముమ్మాటికీ తప్పు. మందు పడకపోతే ఒక్కడినే ఏం చేయనన్న భయం, పేషంటు పోతే బంధువులు చెయ్యి చేసుకుంటారన్న భయం, ఈ రెండూ కుర్ర డాక్టర్ల చేత ఆ చీటీ రాయిస్తాయి. రెండో భయానికి పూచీ మనది కూడా. ఆసుపత్రి అద్దాలు పగలగొట్టిన ఊరికి మర్నాడు వచ్చే కేసు గంట ఆలస్యంగా వైద్యం అందుకుంటుంది. మొదటి భయానికి మందు శిక్షణ, ట్రేలో సిద్ధంగా ఉన్న అడ్రినలిన్. పంపేటప్పుడు చీటీలో ఎన్ని గంటలకు కరిచింది, ఎన్ని సీసాలు ఎక్కాయి, గొట్టంలో రక్తం ఏమైంది అనేవి రాస్తే అవతలి డాక్టరు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టనక్కర్లేదు.

దారి సంగతి చెప్పాలంటే నేపాల్ వైపు చూడాలి. ఆ దేశపు దక్షిణ మైదానంలో డమక్ అనే చోట పాముకాటు చికిత్సా కేంద్రానికి చుట్టుపక్కల ఊళ్లలో మోటారు సైకిలున్న కుర్రాళ్లను వాలంటీర్లుగా పెట్టారు. కరిచిన మనిషిని ఇద్దరి మధ్యా కూర్చోబెట్టుకుని తిన్నగా తీసుకురావడమే వాళ్ల పని. అంతకుముందు నూటికి 10.5 ఉన్న మరణాలు 0.5కి పడిపోయాయి. కొత్త మందేమీ రాలేదు, కొత్త యంత్రమూ రాలేదు. హైదరాబాదులో 2005 ఆగస్టు 15న మొదలైన 108 సేవ మైదాన ప్రాంతాల్లో ఈ పని చాలావరకు చేస్తోంది. మన్యంలో వ్యాను పోలేని చోట్లకు 2018లో ఫీడర్ అంబులెన్సుల పేరుతో బైకులు దించారు. అయినా వానాకాలంలో డోలీలో మోసుకొచ్చే రోగుల ఫొటోలు పాడేరు, రంపచోడవరం వైపు నుంచి పేపర్లలో వస్తూనే ఉన్నాయి. కొండవాగు పొంగిన రాత్రి కట్లపాము కరిస్తే పరిస్థితి ఏమిటో ఊహించుకోవాల్సిందే.

చిన్న ఆసుపత్రిలో పెద్ద పనులు జరగవనుకునేవాళ్లకు మహారాష్ట్రలోని మహాడ్ ప్రాంతపు హిమ్మత్‌రావు బావస్కర్ సంగతి చెప్పాలి. పీహెచ్‌సీ డాక్టరుగా ఉండి ఎర్రతేలు కుట్టిన పిల్లలు కళ్లముందే పోతుంటే, మంచం పక్కన కూర్చుని గుండె తీరు గమనించి, ప్రాజోసిన్ అనే బీపీ మాత్ర వాళ్లను కాపాడుతుందని కనిపెట్టాడాయన. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. ఇప్పుడు ఆ మాత్ర తేలుకాట్లున్న ప్రాంతాల్లో పీహెచ్‌సీల్లోనే దొరుకుతుంది.

కాటు పడకుండా చూసుకోవడం గురించి ఆశాలు, ఏఎన్‌ఎంలు ఇంటింటికీ చెప్పేవి వినడానికి చప్పగా ఉంటాయి. చీకట్లో బయటికి వెళ్తే టార్చి వేసుకోండి. నేల మీద కాకుండా మంచం మీద పడుకోండి. దోమతెర అంచులు పరుపు కిందికి దోపండి. దోమతెర పామును కూడా ఆపుతుందన్నది నేపాల్‌లో పరిశోధనల్లోనే తేలింది. ఒకే తెర మలేరియానీ కట్లపామునీ రెండింటినీ ఆపుతుందని చెబితే వినేవాళ్లు వింటారు. కట్టెలు, పిడకలు ఇంటి గోడకు ఆనించి పేర్చకండి. కట్టె తీసేముందు కర్రతో తట్టండి. పొలం పనికి గమ్‌బూట్లు వేసుకోమంటే మాత్రం రైతు నవ్వుతాడు. దమ్ములో దిగబడే కాలికి బూటు ఎలా నిలుస్తుందని అడుగుతాడు. ఆయన ప్రశ్న న్యాయమైనదే. గడ్డి కోసేటప్పుడు, గట్టు మీద నడిచేటప్పుడు, రాత్రి నీళ్లు కట్టడానికి వెళ్లేటప్పుడు వేసుకోమనడమే సరైన సలహా. వ్యవసాయ మోటార్లకు కరెంటు అర్ధరాత్రి ఇస్తే రైతు అర్ధరాత్రే పొలంలో ఉంటాడు. పగటిపూట కరెంటు కూడా ఒక రకంగా పాముకాటు నివారణే, కాకపోతే అది ఆరోగ్యశాఖ చేతిలో లేదు.

డిశ్చార్జి రోజున నర్సు చెప్పే మాటలు హడావిడిలో చాలామంది చెవిన పెట్టరు. రక్తం గడ్డకట్టడం కుదురుకున్నాకే ధనుర్వాతం సూది వేస్తారు, అది వేయించుకునే వెళ్లాలి. పింజర కరిచినవాళ్లు కొన్నాళ్లపాటు మూత్రం ఎంత వస్తోంది, ఏ రంగులో వస్తోంది చూసుకోవాలి. తగ్గినా, టీ డికాక్షన్ రంగులో వచ్చినా, ముఖం ఉబ్బినా వెంటనే వెనక్కి రావాలి. ఇంటికి వెళ్లిన వారం పది రోజులకు కొందరికి జ్వరం, కీళ్లనొప్పులు, దద్దుర్లు వస్తాయి. అది గుర్రం మందు తాలూకు ఆలస్యపు రియాక్షన్, మాత్రలతో తగ్గిపోతుంది. కానీ ఇంట్లో మాత్రం విషం తిరగబెట్టిందనుకుంటారు, పాము పగబట్టిందనీ అంటారు, మళ్లీ మంత్రగాడికి కబురు వెళ్తుంది. అందుకే చాలాచోట్ల ఆశా కార్యకర్త ఆ రెండో వారంలోనే గుమ్మంలోకి వచ్చి అడుగుతుంది: "జ్వరమేమైనా వచ్చిందా వదినా? అన్నయ్యకు మూత్రం బాగా వస్తోందా? ఆ డిశ్చార్జి కాగితం ఎక్కడ పెట్టారో ఓసారి తియ్యండి."